పాడైన లేజర్లను విశాఖలోనే విప్పి చూడాలి

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్, మన తీరంలో దిగే కొత్త సముద్రపు కేబుళ్లు. అప్పటి నుంచి ఊళ్లో నలుగురు కూర్చున్నచోటల్లా ఇదే మాట. డేటా సెంటర్ వచ్చే తర్లువాడలో ఎకరం ఎంత పలుకుతోంది, అంత కరెంటు ఎక్కణ్నుంచి తెస్తారు, నీళ్ల సంగతేంటి, మన పిల్లలకు ఉద్యోగాలు ఎన్నొస్తాయి. అన్నీ అడగాల్సినవే, గట్టిగా అడగాల్సినవే. చాలా ఏళ్లు టెలికాం ట్రాన్స్‌మిషన్‌లో పనిచేసినవాడిగా నాకు వీటితోపాటు ఇంకో ప్రశ్న ఉంది. ఆ కేబుళ్ల చివర, ఆ డేటా సెంటర్ల లోపల వెలిగే లేజర్లు పాడైనప్పుడు ఎక్కడికి పోతాయి?

వారంటీలో ఉన్నవి తయారుచేసిన కంపెనీకి తిరిగి వెళ్తాయి. వారంటీ దాటినవి తుక్కులోకి పోతాయి. రెండు దారుల్లోనూ అవి ఎందుకు పాడయ్యాయన్న సంగతి మన ఊరి గడప తొక్కదు.

నా వాదన సూటిగా చెప్తాను. భూమి, కరెంటు, పన్ను రాయితీలు ఇచ్చే ఒప్పందాల్లో ప్రభుత్వం ఒక షరతు పెట్టాలి. వారంటీ ముగిశాక పాడైన ప్రతి ఆప్టికల్ మాడ్యూల్‌నూ, అంటే లోపల లేజర్ ఉండి ఫైబర్‌కు తగిలించే చిన్న డబ్బాను, విశాఖలోనే ఉండే ఒక ల్యాబ్‌కు అప్పగించాలి. ఆ ల్యాబ్ పని వాటిని రిపేరు చేసి అమ్ముకోవడం కాదు. మూత తీసి, లోపలి లేజర్ ఎందుకు పోయిందో కనుక్కోవడం. లేజర్ తయారీ తెలిసినవాళ్లు ఆ విద్యలో సగం ఈ పనిలోనే నేర్చుకున్నారు. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు దూరం సంగతి చూద్దాం. విశాఖ నుంచి సింగపూర్‌కు తిన్నగా గీత గీస్తే సుమారు 2,900 కిలోమీటర్లు. కేబుల్ సముద్రంలో తిరిగి వెళ్తుంది కాబట్టి అసలు దూరం ఇంకా ఎక్కువే. మంచి ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకు 0.2 డీబీ (డెసిబెల్) చొప్పున తగ్గుతుంది. పది డీబీలు తగ్గితే పదో వంతే మిగిలిందని అర్థం. 50 కిలోమీటర్లు పోయేసరికి పదో వంతు మిగులుతుంది, 100 కిలోమీటర్లకు నూరో వంతు, 150కి వెయ్యో వంతు. ఇలా 2,900 కిలోమీటర్లకు 580 డీబీ. అంటే బయల్దేరిన కాంతిని 1 పక్కన 58 సున్నాలున్న అంకెతో భాగించాలి. ఒక మిల్లీవాట్ లేజర్ సెకనుకు దాదాపు 8 పక్కన 15 సున్నాలన్ని ఫోటాన్లు పంపుతుంది. విశ్వం పుట్టినప్పటి నుంచి ఆ లేజర్ ఆగకుండా వెలుగుతున్నా సింగపూర్ ఒడ్డుకు ఒక్క ఫోటాన్ కూడా చేరి ఉండేది కాదు. ఇంజినీరింగ్ పిల్లలకు లింక్ బడ్జెట్, అంటే దారిలో ఎంత కాంతి పోయి ఎంత మిగులుతుందన్న లెక్క, చెప్పేటప్పుడు ఈ లెక్క తప్పకుండా వేయిస్తాను. డీబీ అంటే ఏంటో అప్పుడు ఒంటబడుతుంది.

అయినా మన వీడియో కాల్ వెళ్తోంది. వెళ్లడానికి కారణం దారి పొడవునా సెమీకండక్టర్ లేజర్లు ఉండటం. సందేశాన్ని మోసే లేజర్ ఒడ్డున ఉంటుంది. ఆ సందేశానికి మధ్యలో బలమిచ్చే లేజర్లు సముద్రం అడుగున, సుమారు 60 నుంచి 80 కిలోమీటర్లకొకటి చొప్పున పెట్టిన రిపీటర్లలో ఉంటాయి. ఈ రెండూ వేర్వేరు జాతులు, వేర్వేరు పదార్థాలు, పాడయ్యే తీరు కూడా వేరు.

ఒడ్డున ఉండే లేజర్ సంగతి మొదట. చిప్ పొడవు మిల్లీమీటరులో మూడో వంతు, అంటే ఉప్పు రవ్వంత. అందులో కాంతి పుట్టే చార వెడల్పు ఒకటి రెండు మైక్రాన్లు. దీని చిన్న తమ్ముడు మీ ఇంటి గోడకున్న ఫైబర్ డబ్బాలో కూడా ఉన్నాడు. 1310 నానోమీటర్ల దగ్గర వెలుగుతాడు, కంటికి కనబడడు. అందుకే ఆ పచ్చ కనెక్టర్ పీకి లోపలికి చూడొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఏ రంగు కాంతి (అంటే ఎన్ని నానోమీటర్ల తరంగం) వాడాలన్నది లేజర్ చేసేవాళ్లు నిర్ణయించలేదు, గాజు నిర్ణయించింది. 1966లో ఇంగ్లండ్‌లోని ఎస్‌టీఎల్ ప్రయోగశాలలో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ ఒక లెక్క తేల్చారు. గాజులో మలినాలు తీసేసి నష్టాన్ని కిలోమీటరుకు 20 డీబీకి తగ్గించగలిగితే టెలిఫోన్లకు పనికొస్తుందని. 1970లో కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ దాన్ని సాధించారు. 1979 నాటికి జపాన్‌లో ఎన్‌టీటీ పరిశోధకులు 1550 నానోమీటర్ల దగ్గర 0.2 డీబీకి తెచ్చారు. అంతకన్నా పొట్టి తరంగాలైతే గాజులో చెదిరిపోతాయి. బాగా పొడవైతే గాజే మింగేస్తుంది. మధ్యలో 1550 దగ్గర సన్నటి సందు ఉంది. దూరం వెళ్లాలంటే ఆ సందులోనే వెళ్లాలి. కాబట్టి సరిగ్గా ఆ రంగులో వెలిగే లేజర్ కావాలి.

ఆ లేజర్ అప్పటికి చేతిలో లేదు. 1962లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ హాల్ బృందం, అదే ఏడాది ఐబీఎం, ఎంఐటీ లింకన్ ల్యాబ్ బృందాలు గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్ ముక్కతో లేజర్ వెలిగించాయి. ద్రవ నైట్రోజన్ చల్లదనంలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, అదీ క్షణాల పాటు. 1963లో హెర్బర్ట్ క్రోమర్ ఒక ఉపాయం చెప్పాడు. కాంతి పుట్టే పొరను వేరే పదార్థపు రెండు పొరల మధ్య బంధిస్తే ఎలక్ట్రాన్లు అటూ ఇటూ పారిపోవు, కాంతి కూడా పారిపోదు అని. దీనివల్ల ప్రయోజనం ఏమీ కనబడడం లేదంటూ ఆయన కంపెనీ ఆ పని చేయడానికి వనరులు ఇవ్వలేదు. అదే ఆలోచన లెనిన్‌గ్రాడ్‌లో జోరెస్ అల్ఫెరోవ్ బృందానికీ విడిగా తట్టింది. వాళ్లు వదల్లేదు. 1970లో గది వేడిలో ఆగకుండా వెలిగే లేజర్ మొదట లెనిన్‌గ్రాడ్‌లో, కొద్ది వారాల తేడాతో బెల్ ల్యాబ్స్‌లో హయాషి, పానిష్ చేతుల్లో వచ్చింది. అల్ఫెరోవ్, క్రోమర్‌లకు 2000లో నోబెల్ ఇచ్చారు. ప్రయోజనం ఏంటని మొదట్లోనే తేల్చేయడం ఎంత ప్రమాదమో దీన్ని చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది నాకు.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో చాప్టర్ ముగిస్తాయి. నాకు అసలైన చాప్టర్ ఇక్కడే మొదలవుతుంది. 1970 నాటి ఆ లేజర్లు ఎంతసేపు బతికాయి? నిమిషాలు, మహా అయితే గంటలు. వెలుగుతూ వెలుగుతూ మసకబారి ఆరిపోయేవి. మూడు వేల కిలోమీటర్ల కేబుల్ సంగతి సరే, గంటల్లో ఆరిపోయే దీపాన్ని నమ్మి పక్క ఎక్స్ఛేంజీకి లైను కూడా వేయలేరు కదా.

అప్పుడు బెల్ ల్యాబ్స్‌లో కొందరు కొత్త లేజర్లు చేయడం ఆపి, ఆరిపోయినవాటిని చూడటం మొదలుపెట్టారు. చిప్ లోపలి కాంతి బయటకు కనబడేలా లోహపు పొరలో కిటికీ తెరిచారు. కాంతి పుట్టే చారకు అడ్డంగా నల్లటి గీతలు పుట్టి, గంటగంటకూ పెరుగుతున్నాయని 1973లో కనుక్కున్నారు. పెట్రోఫ్, హార్ట్‌మన్ ఆ నల్ల గీతను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. స్ఫటికంలో ఒకచోట పరమాణువుల వరస తప్పితే, లేజర్ వెలుగుతున్నకొద్దీ ఆ తప్పు చిక్కుబడ్డ వలలా విస్తరిస్తోంది. దాంతో ఎక్కడెక్కడ సరిచేయాలో తెలిసిపోయింది. స్ఫటికాన్ని పెంచే గదిలో ఆక్సిజన్ జాడ లేకుండా చూడాలి, అడుగు పలకలో లోపాలు తగ్గించాలి, చిప్‌ను లోహానికి అతికించేటప్పుడు ఒత్తిడి పడకుండా మెత్తటి ఇండియం సోల్డర్ వాడాలి. ఆ దశాబ్దం ముగిసేలోపే ఆయుష్షు గంటల నుంచి లక్షల గంటలకు పెరిగింది. టెలిఫోన్ కంపెనీలు లేజర్‌ను నమ్మి కేబుళ్లు వేసింది ఆ తర్వాతే.

ఈ విద్య అంతా పాడైన చిప్పుల్లోంచి వచ్చింది. పనిచేస్తున్న లేజర్‌ను ఎంతసేపు చూసినా ఈ సంగతులు తెలియవు.

అక్కడి నుంచి 1550కి చేరడం ఇంకో ప్రయాణం. గాలియం ఆర్సెనైడ్ 850 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగుతుంది. 1300, 1550 కావాలంటే ఇండియం ఫాస్ఫైడ్ పలక మీద ఇండియం, గాలియం, ఆర్సెనిక్, ఫాస్ఫరస్ నాలుగూ కలిపి పొర పెంచాలి. నాలుగెందుకంటే, ఒకేసారి రెండు షరతులు నెరవేరాలి. పొరలోని పరమాణువుల ఎడం కింది పలకతో సరిపోవాలి, లేకపోతే మళ్లీ అవే లోపాలు పుడతాయి. కాంతి శక్తి కూడా 0.8 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉండాలి. 1976లో ఎంఐటీ లింకన్ ల్యాబ్‌లో జిమ్ షే ఈ మిశ్రమంతో గది వేడిలో వెలిగే లేజర్ చేశాడు. టోక్యోలో యసుహరు సుయెమత్సు 1550 వైపు నడిచాడు. 1988లో అట్లాంటిక్ అడుగున వేసిన టీఏటీ-8 కేబుల్ 1300 లేజర్లతో పనిచేసింది. ఒక్కో ఫైబర్ జతలో సెకనుకు 280 మెగాబిట్లు. ఇవాళ ఒక మంచి ఇంటి కనెక్షన్ వేగం అది.

రంగు సరిపోగానే అయిపోలేదు, రంగు స్వచ్ఛంగా ఉండాలి. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ తలనొప్పులు ఇక్కడివే. మామూలు లేజర్ ఒకేసారి మూడు నానోమీటర్ల వెడల్పులో అనేక రంగులు వెలిగిస్తుంది. 1550 దగ్గర మామూలు ఫైబర్‌లో ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోతుంది. కిలోమీటరుకు, నానోమీటరుకు 17 పికోసెకన్ల తేడా. వంద కిలోమీటర్లకు లెక్క వేస్తే 17 ఇంటూ 3 ఇంటూ 100, అంటే 5,100 పికోసెకన్లు. 2.5 గిగాబిట్ లింకులో ఒక బిట్ నిడివి 400 పికోసెకన్లే. ఒక బిట్ తన వెనకున్న పన్నెండు బిట్ల మీద పరుచుకుంటుంది. పవర్ మీటర్ పెడితే కాంతి బ్రహ్మాండంగా ఉన్నట్టు చూపిస్తుంది, అవతల మాత్రం అంతా ఎర్రర్లే. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఫైబర్‌ను అనుమానించి ఫైబర్ ఎక్కడ దెబ్బతిందో చూపే ఓటీడీఆర్ పట్టుకుని రూటంతా తిరిగేవారు. ఫైబర్‌కు ఏమీ కాలేదు బాబూ, లేజర్ రంగు చూడండి అని చెప్పాల్సి వచ్చేది.

దీనికి మందు డీఎఫ్‌బీ లేజర్. కాంతి నడిచే చార పొడవునా సుమారు 240 నానోమీటర్ల ఎడంతో మెట్ల లాంటి గాట్లు చెక్కుతారు. ఆ ఎడానికి సరిపోయిన ఒక్క రంగే బలపడుతుంది, మిగతావి అణిగిపోతాయి. కోగెల్నిక్, షాంక్ 1970ల మొదట్లో ఈ సూత్రం చెప్పారు. సుయెమత్సు బృందం లేజర్‌ను వేగంగా ఆర్పి వెలిగిస్తున్నా ఒకే రంగులో నిలబెట్టే దారి చూపింది. అలా ఆర్పి వెలిగించినప్పుడు రంగు కొద్దిగా వణుకుతుంది కాబట్టి, ఎక్కువ దూరాలకు లేజర్‌ను నిలకడగా వెలగనిచ్చి బయట ఇంకో పరికరంతో సందేశాన్ని అద్దుతారు. ఇవాళ్టి కోహెరెంట్ పద్ధతిలోనైతే కాంతి తరంగపు దశలోనే (ఎత్తుపల్లాలు ఎప్పుడొస్తాయన్న దానిలోనే) సమాచారం రాస్తారు. దాని కోసం 193 టెరాహెర్ట్జ్ దగ్గర కంపించే కాంతి రంగు వెడల్పు 100 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉండేలా లేజర్లు చేస్తున్నారు. అంటే దాదాపు రెండు వందల కోట్లలో ఒక వంతు. మనిషి చేసిన వస్తువుల్లో ఇంత నిష్ఠగా నిలబడేవి నాకు తెలిసి కొన్నే.

ఆ నిష్ఠకు శత్రువు వేడి. ఒక్క డిగ్రీ పెరిగితే డీఎఫ్‌బీ రంగు 0.1 నానోమీటర్ జరుగుతుంది. ఒకే ఫైబర్‌లో అనేక రంగులను ఒక్కో చానల్‌గా పంపే డీడబ్ల్యూడీఎం పద్ధతిలో పక్క పక్క చానళ్ల మధ్య ఎడం 0.8, లేదా 0.4 నానోమీటర్లే. ఎనిమిది డిగ్రీలు తేడా వస్తే ఒక చానల్ పూర్తిగా పక్కదాని ఇంట్లోకి వెళ్లిపోతుంది. ఇండియం ఫాస్ఫైడ్ లేజర్లు వేడికి మరీ సుకుమారం. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే వెలగడానికి కావాల్సిన కరెంటు దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకే ప్రతి మంచి లేజర్ కింద కరెంటుతో చల్లబరిచే ఒక బుల్లి పెల్టియర్ కూలర్ పెడతారు. ఆ కూలర్ తీసిన వేడిని గదిలోని ఏసీ బయటకు పంపాలి. ఆ ఏసీకి కరెంటు ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అదే లేకుండా పోయింది. స్తంభాలు పడిపోయి, టవర్లు ఒరిగిపోయి ఊరు ఊరంతా మూగబోయిన రోజులవి. డీజిల్ దొరికిన చోట పరికరాలకే జనరేటర్ సరిపోయేది, ఏసీలకు మిగిలేది కాదు. తలుపులు తెరిచి, ఉప్పు గాలి కొడుతున్నా సరే ఫ్యాన్లు పెట్టి లింకులు నిలబెట్టాం. అప్పుడు బతికిన లేజర్ కార్డుల్లో కొన్నిటికి ఆ తర్వాత నెలల్లో లేజర్ బయాస్ కరెంటు, అంటే దాన్ని వెలిగించే కరెంటు, మెల్లమెల్లగా పెరగసాగింది. ట్రాన్స్‌మిషన్ వాళ్లకు ఈ గుర్తు బాగా తెలుసు. లేజర్ వెనక ఒక చిన్న ఫోటోడయోడ్ కాంతిని కొలుస్తూ, తగ్గితే కరెంటు పెంచి సరిచేస్తుంది. బయట కాంతి అంతే ఉంటుంది, లోపల లేజర్ ముసలిదైపోతుంటుంది. చివరికి ఒక రాత్రి అలారం మోగుతుంది. మా టెక్నీషియన్ ఫోన్ చేసి, "లేజర్ పోనాది సార్, కార్డు మార్చీడమే" అనేవాడు.

కార్డు మార్చేవాళ్లం. పాతదాన్ని కంపెనీకి పంపేవాళ్లం. కొన్ని వారాలకు దాని బదులు ఇంకో కార్డు వచ్చేది, ఎందుకు పోయిందో ఒక్క ముక్క ఉండేది కాదు. వేడి వల్లా, ఉప్పు తేమ వల్లా, జనరేటర్ మారినప్పుడల్లా వచ్చిన వోల్టేజీ కుదుపు వల్లా? అడుగుతూ ఉత్తరాలు రాశాను. తయారీ రహస్యం, చెప్పలేం అన్నారు. మన గాలిలో, మన కరెంటుతో, మన తుపాను తర్వాత పాడైన వస్తువు గురించి మనకు తెలిసే దారి లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఈ వ్యాసం వెనకున్న బాధ కూడా అదే.

ఇక రిపీటర్లలోని లేజర్లు. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయేల్ దెసుర్విర్ బృందం ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్‌తో కాంతిని కాంతిగానే పెంచే పద్ధతి చూపించారు. 980 లేదా 1480 నానోమీటర్ల లేజర్ ఎర్బియంను ఉద్రేకపరిస్తే, దారినపోయే 1550 కాంతి ఆ శక్తిని తీసుకుని బలపడుతుంది. ఎన్ని రంగులున్నా ఒకేసారి. ఒడ్డు నుంచి వేల వోల్టులతో పంపే కరెంటు ఈ పంప్ లేజర్లను వెలిగిస్తుంది. సముద్రం అడుగున అవి 25 ఏళ్లు పనిచేయాలి. ఒకటి ఆగితే పక్కది అందుకునేలా జతలుగా పెడతారు, ఎందుకంటే మూడు కిలోమీటర్ల లోతు నుంచి రిపీటర్‌ను పైకి తీయాలంటే ఓడ కావాలి.

రామన్ యాంప్లిఫయర్ అని ఇంకోటి ఉంది. మామూలు ఫైబర్‌లోనే, సిగ్నల్ కన్నా సుమారు 100 నానోమీటర్లు పొట్టి కాంతిని బలంగా పంపితే గాజు అణువుల కంపనాల ద్వారా ఆ శక్తి సిగ్నల్‌కు చేరుతుంది. 1928లో సీవీ రామన్ కనుక్కున్న ఫలితమే ఇది. ఆయన శిష్యుడు సూరి భగవంతం 1930లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి ఇక్కడే ఆ ఫలితం మీద పరిశోధన చేశారు. కొచ్చెర్లకోట రంగధామారావు ఇక్కడే స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాలలు నిలబెట్టారు. కాంతిని రంగురంగులుగా విడదీసి చదవడంలో దేశమంతా ఈ ఊరి వైపు చూసిన రోజులున్నాయి. 1926లో పుట్టిన ఆ యూనివర్సిటీకి ఇప్పుడు నూరేళ్లు. లేజర్ ల్యాబ్‌కు విశాఖకున్న అర్హత ఏంటని అడిగేవాళ్లకు నా మొదటి జవాబు ఇది.

రెండో జవాబు, ఈ ఊరి చేతులు. పరవాడ ఫార్మా కంపెనీల్లో క్లీన్‌రూమ్ గౌను తొడుక్కుని, ప్రతి అడుగూ రిజిస్టర్‌లో రాస్తూ పనిచేసే పిల్లలు వేలల్లో ఉన్నారు. వైద్య పరికరాల కోసం మెడ్‌టెక్ జోన్‌లో ఉమ్మడి పరీక్షా కేంద్రాలు కట్టి, చిన్న కంపెనీలన్నీ వాటినే వాడుకునేలా చేసిన అనుభవం ఈ ఊరికి ఉంది. విద్యుదయస్కాంత పరీక్షలు చేసే సమీర్ కేంద్రం ఉంది, నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది. లేజర్ మాడ్యూల్ ఖర్చులో పెద్ద వాటా చిప్‌ది కాదు, దాన్ని ఫైబర్‌కు మైక్రాన్ కన్నా తక్కువ తేడాతో గురిపెట్టి అతికించే ప్యాకేజింగ్‌దీ పరీక్షలదీ. ఆ పనికి ఓపిక, శుభ్రత, లెక్క తప్పని నమోదు కావాలి. ఇవి మనకు కొత్త కాదు.

కొనుక్కుంటే పోదా అనేవాళ్లున్నారు. ఇన్నాళ్లూ అదే చేశాం. ఫైబర్ మన దేశంలో తయారవుతుంది. డీడబ్ల్యూడీఎం పరికరాలు బెంగళూరులో తయారవుతాయి. ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో కోల్‌కతా సీజీసీఆర్‌ఐ ఎర్బియం ఫైబర్ చేసింది, ఇందోర్ ఆర్‌ఆర్‌క్యాట్ ప్రయోగశాల స్థాయిలో గాలియం ఆర్సెనైడ్ లేజర్లు చేసింది. దూరం మోసే ఇండియం ఫాస్ఫైడ్ లేజర్ మాత్రం జపాన్, అమెరికా, చైనా కంపెనీల నుంచే వస్తుంది. 2025 ఫిబ్రవరిలో చైనా ఇండియం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది, ఆ జాబితాలో ఇండియం ఫాస్ఫైడ్ కూడా ఉంది. ఇండియంకు సొంత గనులుండవు, జింక్ శుద్ధి చేసేటప్పుడు మడ్డిలోంచి తీస్తారు. గాజువాక దారిలో జింక్ స్మెల్టర్ పొగ చూస్తూ పెరిగినవాళ్లకు ఈ మాట ఇంకాస్త గట్టిగా తగలాలి. డబ్బుంటే ఎప్పుడైనా దొరుకుతుందనే ధైర్యం ఇప్పుడు చెల్లదు.

అయితే నేరుగా ఇండియం ఫాస్ఫైడ్ ఫ్యాబ్ (చిప్పుల ఫ్యాక్టరీ) కట్టాలని నేను అనడం లేదు. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో ప్రకటించిన సెమీకండక్టర్ పథకంలో ఇండియం ఫాస్ఫైడ్ లాంటి కాంపౌండ్ సెమీకండక్టర్లకూ చోటుంది, ఎవరైనా కడితే సంతోషమే. కానీ యంత్రాలు కొన్నంత మాత్రాన లేజర్ బతకదు. ఏ లోపం ఏ ఆరిపోవడానికి దారితీస్తుందో తెలిసిన వందమంది ముందు కావాలి. వాళ్లు లేకుండా కట్టిన ఫ్యాబ్‌లో 1970 నాటి కష్టాలే మళ్లీ మొదలవుతాయి.

కంపెనీలు ఏమంటాయో నాకు తెలుసు. కస్టమర్ల డేటా భద్రత అంటారు. హార్డ్ డిస్కుల విషయంలో ఆ మాట నిజం. ఆప్టికల్ మాడ్యూల్‌లో ఎవరి డేటా నిలవ ఉండదు. సీరియల్ నంబరు, ఉష్ణోగ్రత, బయాస్, పవర్ లాంటి వివరాలే ఉంటాయి. తయారీదారు రహస్యం అంటారు. ఆ మాటకు కొంత బలముంది, ఒప్పుకుంటాను. ఫలానా కంపెనీ మాడ్యూల్ అని పేరు బయటపెట్టకుండా, లోపం ఏ రకం, ఏ పరిస్థితుల్లో వచ్చింది అన్నది మాత్రమే ప్రచురించేలా నియమం రాసుకోవచ్చు. తిరగేసి కాపీ కొట్టడానికని భయపడితే, లేజర్ చిప్‌ను కోసి చూసినంత మాత్రాన చేయడం రాదు. పొర పెంచేటప్పటి వేడి, వాయువుల పాళ్లు కోసిన ముక్కలో రాసి ఉండవు. ఎందుకు చచ్చిందన్నది మాత్రం తెలుస్తుంది, మనకు మొదట కావాల్సింది అదే.

ఖర్చు కూడా అనుకున్నంత కాదు. మొదటి మెట్టు ఒక బల్ల మీద సరిపోతుంది. కరెంటు పెంచుతూ కాంతిని, వోల్టేజీని కొలిచే ఏర్పాటు, ఒక ఆప్టికల్ స్పెక్ట్రమ్ అనలైజర్, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉన్న మైక్రోస్కోప్, మాడ్యూల్ మూత జాగ్రత్తగా తీసే పరికరాలు. స్టాటిక్ షాక్ వల్ల పోయిందా, కాంతి బయటికొచ్చే చిప్ ముఖం కాలిపోయిందా, అతుకు వదిలిందా, కూలర్ పోయిందా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది. రెండో మెట్టు 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో మాడ్యూళ్లను వారాల తరబడి ఉంచే ఓవెన్లు. ఉప్పు గాలి మనకు ఎలాగూ ఉచితమే, భీమిలి రోడ్డు మీద ఒక షెడ్డు వేసి నమూనాలు పెడితే ప్రపంచంలో చాలా ల్యాబులకు లేని రికార్డు మన దగ్గర ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మూడో మెట్టు. దానికి యూనివర్సిటీ, ఫార్మా కంపెనీలు, స్టీల్ ప్లాంట్ కలిసి ఖర్చు పంచుకోవచ్చు, ముగ్గురికీ అవసరమే.

ఉద్యోగాలు ఎన్నొస్తాయని అడుగుతారు. మొదట్లో యాభై, అరవై. ఆ యాభైమంది చేతిలో ఉండే పని డేటా సెంటర్ కాపలా ఉద్యోగం లాంటిది కాదు. టోక్యోలోనో, కాలిఫోర్నియాలోనో లేజర్ కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చుంటే వాళ్లు చెప్పేది అవతలివాళ్లు నోట్ చేసుకుంటారు. ఇక్కడ ప్యాకేజింగ్ యూనిట్ పెట్టాలనుకునే ఏ కంపెనీ అయినా మొదట వెతికేది వాళ్లనే.

ఒప్పందాలు మారడానికి సమయం పడుతుంది. ఈలోగా చేయగలిగింది ఒకటుంది, టెలికాం వాళ్లు, రైల్వే సిగ్నల్స్ వాళ్లు, కేబుల్ ఆపరేటర్లు ఇది చదువుతుంటే వాళ్లకు చెప్తున్నాను. మీ స్టోర్‌లో పాత ఆప్టికల్ కార్డులు, ఎస్‌ఎఫ్‌పీలు (చిన్న ఆప్టికల్ మాడ్యూళ్లు) తుక్కు వేలానికి సిద్ధంగా ఉంటాయి. వేలానికి ముందే మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లోంచి ఒక్కోదాని బయాస్ కరెంటు, ఉష్ణోగ్రత, అలారం హిస్టరీ ప్రింట్ తీయండి. అది ఏ స్టేషన్‌లో, ఎన్నేళ్లు పనిచేసిందో రాసి ఆ కార్డుకే అంటించండి. యాంటీస్టాటిక్ కవర్లో పెట్టండి. సీరియల్ నంబరు, హిస్టరీ రెండూ ఉన్న పాడైన లేజర్‌ను ల్యాబ్ చదవగలదు. హిస్టరీ పోతే సగం సమాచారం పోయినట్టే, అదిక ఎక్కడా దొరకదు.